ఓడ వెళ్లిపోయాక వచ్చిన అర్జీ

అనాపొలిస్, మేరీలాండ్
జనవరి 12, 1986

మణీ,

క్రిస్మస్ కార్డు వెనక నాలుగు లైన్లు రాసి ఊరుకున్నావు. అందులో మూడు చలి గురించే. మీ ఆయన సత్యానందం గారు, మీ అమ్మాయి షారన్ ఎలా ఉన్నారో, హాస్పిటల్లో నీ డ్యూటీ మారిందో లేదో ఏమీ లేదు. నేపర్‌విల్‌లో మంచు నీ చేతివేళ్లని కూడా గడ్డకట్టించిందా?

నాకు ఉద్యోగం దొరికింది. నర్సాపురం హైస్కూల్లో పదిహేనేళ్లు చరిత్ర చెప్పిన పంతులమ్మకి ఈ దేశంలో ఇచ్చిన పని టైపిస్టు. అయినా ఫర్వాలేదు, నాకు నచ్చింది. కౌంటీ పాత రికార్డుల ఆఫీసులో రెండు వందల ఏళ్ల నాటి కోర్టు పుస్తకాలున్నాయి. వాటిలోని పేర్లు చదివి కార్డుల మీదకి ఎక్కించాలి. నా పైన మిస్టర్ హార్లన్ అని ఒక ముసలాయన. మాటలు తక్కువ, దగ్గు ఎక్కువ.

మొదటి వారంలోనే నాకు ఒక విషయం తెలిసి ఆశ్చర్యపోయాను. ఇంగ్లండు వాళ్లు దొంగల్ని ఆస్ట్రేలియాకి పంపారని పిల్లలకి పాఠం చెప్పేదాన్ని గుర్తుందా? అంతకుముందు అరవై ఏళ్లపాటు ఇక్కడికే పంపారట. ఈ మేరీలాండ్‌కి, పక్కనున్న వర్జీనియాకి. రుమాలు దొంగిలించినవాళ్లని, పళ్లెం దొంగిలించినవాళ్లని ఓడల్లో గొలుసులు వేసి తెచ్చి, రేవులో ఓడ మీదే నిలబెట్టి అమ్మేసేవారు. ఏడేళ్ల చాకిరీ. గడువు తీరకుండా తిరిగి వెళితే ఉరి.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నావిడ పేరు హానా రీవ్. లండన్‌లో బట్టలుతికే మనిషి. యజమానురాలి రెండు దుప్పట్లు, ఒక చిన్నపిల్ల గౌను ఎత్తుకెళ్లిందని 1743లో శిక్ష వేశారు. నాలుగేళ్ల కూతుర్ని అక్కడ వదిలేసి వచ్చింది. అమ్మకం కాగితంలో "కుట్టుపని వచ్చు, ఎదురు మాట్లాడుతుంది" అని రాశారు.

మా ఆయన జోసఫ్ గారు నన్ను "దొంగల పంతులమ్మ" అంటున్నారు. నువ్వు వివరంగా రాయి.

నీ జ్యోతి

~

నేపర్‌విల్, ఇల్లినాయ్
జనవరి 22, 1986

జ్యోతీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. ప్రేమజ్యోతి టీచర్ చేతిలో పుస్తకం లేకపోతే ఆమె సగం మనిషేనని మనం కాలేజీలో అనుకునేవాళ్లం.

మేమంతా బాగానే ఉన్నాం. షారన్ కి పదేళ్లు నిండాయి. తెలుగు అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది.

నిన్నొక సలహా అడగాలి. మా చర్చి సంఘంలో ఒకావిడ ఉంది. పేరు చెప్పను, నీకు తెలియదు కూడా. మంచి ఉద్యోగం, పాప, భర్త. షాపులో వస్తువు తీసి పట్టుబడింది. ఇది రెండోసారి. లాయరు, "ఒప్పేసుకో, ఫైన్‌తో పోతుంది, గ్రీన్ కార్డుకి ఏమీ కాదు" అన్నాడట. ఒప్పేసుకుంది. జనవరి ఆరో తేదీన తీర్పు ఇచ్చారు. ఇప్పుడు వేరే లాయరు చెబుతున్నాడు: రెండు దొంగతనాలైతే దేశం నుంచి పంపేయొచ్చట. తప్పించుకోవడానికి ఒకటే దారి. శిక్ష వేసిన జడ్జే ముప్పై రోజుల లోపల, ఈమెని పంపవద్దని కాగితం మీద రాసివ్వాలి. అలా రాయాలంటే ఆమెని చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లెవరైనా జడ్జికి ఉత్తరం రాయాలి.

ఆవిడకి అలాంటి స్నేహితురాలు ఒకామె ఉంది. అడగడానికి సిగ్గుపడుతోంది. అడగమనాలా, వద్దా? ఆ స్నేహితురాలి స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావు? తొందరగా రాయి.

హానా కూతుర్ని ఎవరు పెంచారో ఆ పుస్తకంలో ఉందా?

మణి

~

అనాపొలిస్
జనవరి 27, 1986

మణీ,

తొందరగా రాయమన్నావు కాబట్టి ఆఫీసులో అన్నం తినే వేళలో రాస్తున్నాను.

ఆ స్నేహితురాలి స్థానంలో ఉంటే నేను రాయను. కఠినంగా ఉందనుకోకు. ఆకలితో రొట్టె తీసినవాళ్లని నేను ఒక్క మాట అనను. ఉద్యోగం ఉండి, ఇల్లుండి, సంఘంలో పాటలు పాడుతూ షాపులో చెయ్యి పెట్టిన మనిషిని ఏమనాలి? ఒకసారైతే పొరపాటు. రెండోసారి అంటే అది ఆవిడ గుణం. మనం ఇక్కడికి ఏం తెచ్చుకున్నాం మణీ? మంచి పేరొక్కటే కదా. రేపు ఇంకొక తెలుగమ్మాయి ఉద్యోగానికి వెళితే, ఆవిడ వల్ల ఈమెని అనుమానంగా చూస్తారు. ఆ స్నేహితురాలు సంతకం పెడితే తన పేరు కూడా ఆ మురికిలో కలుపుకున్నట్టే. వద్దని చెప్పు. నువ్వు కూడా దూరంగా ఉండు. పంపేస్తే పంపేయనీ, ఇండియాలో బతకడం లేదా జనం?

హానా సంగతి అడిగావు. కూతురి గురించి ఏమీ లేదు. మొదటి ఏడాదే యజమాని దగ్గర నుంచి పారిపోయింది. పేపర్లో ప్రకటన వేశారు: "సన్నని మనిషి, ఎడమ కనుబొమ మీద మచ్చ, మాట తీయగా ఉంటుంది, నమ్మవద్దు." పట్టుకొచ్చి గడువు ఇంకా పెంచారు. చూశావా, గుణం అన్నది ఊరికే అనలేదు.

ప్రేమజ్యోతి

~

నేపర్‌విల్
ఫిబ్రవరి 4, 1986

జ్యోతీ,

నీ సలహా అందింది. నువ్వన్నది నిజమే. ఆవిడకి చెప్పాను. ఎవర్నీ అడగనంది.

ఇక్కడ మంచు మోకాళ్ల దాకా ఉంది. ఈస్టర్ పాటలు ప్రాక్టీసు మొదలుపెట్టాం. నాకు గొంతు బాగా లేదు, ఈసారి వేరేవాళ్లని ముందుండి పాడించమన్నాను.

జోసఫ్ గారిని అడిగానని చెప్పు.

మణి

~

అనాపొలిస్
ఫిబ్రవరి 20, 1986

మణీ,

నీ గొంతు ఎలా ఉంది? నువ్వు పాడకుండా కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. హాస్టల్లో జ్వరంతో కూడా పాడేదానివి.

ఈ వారం నేను ఒక కాగితం చూశాను. అప్పటి నుంచి మనసు బాగాలేదు, అందుకే నువ్వు జవాబు పెద్దగా రాయకపోయినా నేను రాస్తున్నాను.

హానా రీవ్ కోసం పెట్టిన ఒక అర్జీ ఉంది. లండన్‌లో ఆమె వీధివాళ్లు పదకొండు మంది రాజుగారికి రాసుకున్నారు: ఈ మనిషిని మేం పదేళ్లుగా ఎరుగుదుం, కష్టపడి బతికేది, దయచేసి సముద్రం దాటించవద్దు అని. ఎక్కువమందికి రాయడం రాదు, గుర్తులు పెట్టారు. మొట్టమొదటి గుర్తు ఎవరిదో తెలుసా? ఎవరి దుప్పట్లు పోయాయో ఆ యజమానురాలిది.

అర్జీ తేదీ చూశాను. ఓడ బయల్దేరిన పదిహేడు రోజులకి రాశారు. ఎందుకు ఆలస్యమైందో కూడా అందులోనే ఒప్పుకున్నారు. ఎవరు ముందు సంతకం పెడితే వాళ్లని కూడా దొంగల జట్టు అనుకుంటారేమోనని ఒకరి కోసం ఒకరు ఆగారట.

రాజుగారు క్షమించారు. ఆ కాగితం ఎన్ని చేతులు మారిందో, ఈ కౌంటీ కోర్టుకి చేరేసరికి ఆమె నాలుగున్నరేళ్లు చాకిరీ చేసింది. గుమాస్తా రాసుకున్నాడు: క్షమాపణ చదివి వినిపిస్తే ఆమె, "నా బిడ్డ ఉందా?" అని అడిగిందట. ఎవరికీ తెలియదన్నారట.

ఇది పట్టుకుని మిస్టర్ హార్లన్ దగ్గరికి వెళ్లాను. ఆయన చదివి దగ్గాడు. "ఈ కౌంటీలో సగం మంది ఇలాంటివాళ్ల మనవలే అమ్మా. వంశవృక్షం కోసం వస్తారు. ఇది చూపిస్తే, వేరే పూర్వీకులెవరైనా ఉన్నారా చూడండి అంటారు" అన్నాడు.

మణీ, నేను నీకు తప్పు చెప్పానేమో. ఆవిడకి గడువు అయిపోయిందా? ఆ స్నేహితురాలిని రాయమని చెప్పు. నేను అన్నదంతా వెనక్కి తీసుకుంటున్నానని చెప్పు.

నీ జ్యోతి

~

నేపర్‌విల్
మార్చి 1, 1986

జ్యోతీ,

ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో ఈ మాట నా నోట రాదు.

ఆవిడ నేనే. ఆ స్నేహితురాలివి నువ్వు.

మొదటిసారి 1983లో, ఒక జత ఉన్ని గ్లవుజులు. మొన్న డిసెంబరులో ఒక ఫోటో ఫ్రేము. పర్సులో డబ్బుంది. ఆ ఫ్రేము నాకు నచ్చలేదు కూడా. ఎందుకు తీశావని పోలీసులు అడిగారు, జడ్జి అడిగాడు, ఆయన అడిగారు. తెలిస్తే చెప్పేదాన్ని. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ షాపులో అరగంట తిరిగితే ఎవరూ నా వైపు చూడరు. హాస్పిటల్లో ఆరేళ్లుగా నన్ను ఇంకొక ఇండియన్ నర్సు పేరుతో పిలుస్తున్నారు, నేను పలుకుతున్నాను. ఆ వస్తువు కోటులోకి వెళ్లిన క్షణాన నా గుండె కొట్టుకోవడం నాకు వినిపిస్తుంది. బయటికి వచ్చాక ఏడుపొస్తుంది. ఇది కారణమా? కాదు. జరిగేది అది, అంతే.

ఆయనకి మొదటి కేసు సంగతి చెప్పలేదు. రెండోసారి స్టేషన్ నుంచి ఇంటికి ఫోన్ వస్తే తెలిసింది. సంఘ పెద్ద కదా. "ఎవరికీ చెప్పకు" అన్నారు. ఆ తర్వాత ఉప్పు అందుకోమనడానికి తప్ప నాతో మాట్లాడలేదు.

నీ ఉత్తరం నాకు జనవరి ముప్పై ఒకటిన వచ్చింది. ఆ సోమవారం లాయరు దగ్గరికి పేర్లు పట్టుకుని వెళ్లాలి. వెళ్లలేదు. బుధవారం గడువు అయిపోయింది. నిన్ను అనడానికి రాయడం లేదు. కాదు, అనడానికే రాస్తున్నాను. నువ్వు "ఆవిడ గుణం" అన్నావు. ముప్పై ఏళ్లుగా నన్ను ఎరిగిన మనిషి అలా అంటే, ఇక ఆ జడ్జికి నేనేం చెప్పుకోను? పంపేయనీ అనుకున్నాను. షారన్ ఇక్కడ పుట్టింది, దానికి ఇక్కడే స్కూలు, స్నేహితులు. ఆయన సిటిజన్. వాళ్లు ఉంటారు, నేను వెళతాను. ఇమ్మిగ్రేషన్ వాళ్ల నోటీసు ఫ్రిజ్ మీద పెట్టి, దాని మీద పళ్ల బుట్ట పెట్టాను.

లాయరు పేరు భాస్కర్. మూడేళ్ల పిల్లాడిగా వచ్చాడట, ఇక్కడే పెరిగాడు. నిన్న తనే ఇంటికి వచ్చేశాడు. "ఆంటీ, యు కాంట్ డూ దిస్. మీ ఫస్ట్ లాయర్ రాంగ్ అడ్వైస్ ఇచ్చాడు, గ్రీన్ కార్డ్‌కి ఏం అవదని. దాని మీద కేస్ రీఓపెన్ చేయమని అడుగుతా. ఓపెన్ అయితే మళ్లీ ముప్పై డేస్ వస్తుంది. కానీ లెటర్స్ కావాలి ఆంటీ. మీరు తెలిసినవాళ్లవి. ఓన్లీ నిజం రాయాలి" అన్నాడు. ఆయన హాల్లో కూర్చుని పేపరు పట్టుకున్నారు. పేజీ తిప్పలేదు.

ఏప్రిల్ 18న విచారణ. ఇప్పుడు అడుగుతున్నాను, నా పేరుతోనే అడుగుతున్నాను. రాస్తావా?

మణి

~

అనాపొలిస్
మార్చి 8, 1986

మణీ,

నాలుగు కాగితాలు చింపాను. క్షమించమని రాసిన ప్రతిదీ నన్ను నేను ఓదార్చుకున్నట్టుంది. కాబట్టి అది మానేసి పని చేస్తున్నాను. రాయడమే కాదు, వస్తాను. రైలు టికెట్ బుక్ చేశాను. జోసఫ్ గారికి చెప్పాను. ఆయన "మణికా?" అని ఒక్కసారి అని, సూట్‌కేసు అటక మీద నుంచి దించారు.

జడ్జికి రాసింది కింద తెలుగులో పెడుతున్నాను. ఇంగ్లీషులో టైపు చేసి భాస్కర్‌కి పంపుతాను. ఏదైనా మార్చాలంటే చెప్పు.

"మణి కుమారి గారిని నేను పదేళ్ల వయసు నుంచి ఎరుగుదును. నర్సాపురం మిషన్ హాస్టల్లో ఆరేళ్లు ఒకే గదిలో ఉన్నాం. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పద్దెనిమిది రోజులు తను స్కూలు మానేసి నా దగ్గర కూర్చుంది. ఆ ఆరేళ్లలో ఎవరి గుండుసూది కూడా తను ముట్టుకోలేదు. ఒకసారి ఇంగ్లండు పంపడానికి కట్టిపెట్టిన లేసు కాలరు పోయింది. కరుణమ్మ అనే అమ్మాయి తీసిందని తేలి ఆమెని హాస్టల్ నుంచి పంపేశారు. తప్పు చేసిన అమ్మాయి కోసం కూడా మణి మూడు రోజులు అన్నం తినకుండా ఏడ్చింది. ఆమెది అంత మెత్తని మనసు."

ఇది బాగుందా?

జ్యోతి

~

నేపర్‌విల్
మార్చి 15, 1986

జ్యోతీ,

టైఫాయిడ్ ఉంచు. అది నిజం. గుండుసూది తీసెయ్యి. కరుణమ్మ తీసెయ్యి.

లేసు కాలరు నేను తీశాను. అది కరుణమ్మ అల్లినదే, అందరి లేసుల్లోకీ అదే బాగుందని హాస్టల్ నడిపే దొరసాని గారు పైకెత్తి చూపించారు గుర్తుందా? నాకు లేసు అల్లడం వచ్చేది కాదు. చేతిలో పట్టుకుని చూద్దామని తీశాను. వెతకడం మొదలెట్టాక తిరిగి పెట్టే ధైర్యం లేక కాలవలో పడేశాను. దొరసాని గారు అందర్నీ నిలబెట్టి అడిగారు. నేను నోరు విప్పేలోపు, ఎవరో, లేసులుంచే బీరువా దగ్గర కరుణమ్మని చూశామన్నారు. ఇక నేను నోరు విప్పలేదు. అందుకే ఏడ్చాను. ఆమె ట్రంకు పెట్టె బస్టాండు దాకా నేనే మోశాను.

భాస్కర్ ఓన్లీ నిజం అన్నాడు. ఇప్పుడు నీకు నిజం తెలుసు. దీని తర్వాత రావాలనిపించకపోతే రావద్దు. ఈసారి నేను నిన్ను ఏమీ అనను.

మణి

~

అనాపొలిస్
ఏప్రిల్ 5, 1986

మణీ,

మూడు వారాలు రాయలేదు. కోపం వల్ల అనుకుని ఉంటావు. మొదటి రెండు రోజులు కోపమే.

బీరువా దగ్గర చూశామన్నది ఎవరో కాదు. నేను. నీకు గుర్తు లేదా, లేక నన్ను కాపాడడానికి "ఎవరో" అని రాశావా? నేను కరుణమ్మని చూడలేదు. ముందు రోజు ఎవరో గుసగుసలాడితే విన్నాను. దొరసాని గారు నా వైపు చూసి, "ప్రేమజ్యోతీ, నువ్వు అబద్ధం ఆడవు, చెప్పు" అన్నారు. అబద్ధమాడని పిల్లగా అందరి ముందు నిలబడడం నాకెంత ఇష్టమో నీకు తెలుసు. చూశాను అన్నాను. కరుణమ్మ నా మొహంలోకి చూసింది. ఏడవలేదు.

జనవరిలో నీకు ఆ ఉత్తరం రాసింది కూడా ఆ పిల్లే. నలభై మూడేళ్లొచ్చినా మారలేదు.

జడ్జికి మళ్లీ రాశాను. నిన్ను పొగిడింది తక్కువ, చూసింది ఎక్కువ. పదిహేడో తేదీ ఉదయం షికాగో యూనియన్ స్టేషన్‌లో దిగుతాను. పద్దెనిమిది మధ్యాహ్నమే తిరుగు రైలు. మిస్టర్ హార్లన్ రెండు రోజులే సెలవిచ్చాడు. కోర్టు అని చెబితే, "ఎవరి కోసం?" అన్నాడు. నా స్నేహితురాలు, దొంగతనం కేసు అన్నాను. చెప్పేశాక నాకు ఊపిరి తేలిగ్గా ఆడింది. ఆయన తన గొడుగు తెచ్చిచ్చాడు, షికాగోలో వానలట.

జ్యోతి

~

నేపర్‌విల్
ఏప్రిల్ 29, 1986

జ్యోతీ,

నువ్వు సాక్ష్యం చెప్పి రైలుకి పరిగెత్తావు. జడ్జి తీర్పు ఆపాడు కదా, నిన్న చెప్పాడు. నీకు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. సరే, రాస్తేనే నయం.

ముందు నీకు తెలియని సంగతి. ఆ ప్రభుత్వ లాయరు నిన్ను, "మీకు తెలిసినంతలో ఈమె అంతకుముందు ఎప్పుడైనా దొంగిలించిందా?" అని అడిగినప్పుడు, భాస్కర్ బల్ల కింద పిడికిలి బిగించాడు. నువ్వు నా వైపు చూశావు. నేను తల ఊపాను, నీకు కనిపించిందో లేదో. "ఒకసారి, పదమూడేళ్లప్పుడు. దానికి శిక్ష వేరే అమ్మాయికి పడింది. అందులో నా అబద్ధం కూడా ఉంది" అన్నావు. నువ్వు వెళ్లాక భాస్కర్, "ఆంటీ, ఐ డోంట్ నో. అది మనకి హెల్ప్ అయిందో హర్ట్ అయిందో" అన్నాడు. పది రోజులు నాకు నిద్ర లేదు.

నిన్న జడ్జి పాత తీర్పు కొట్టేశాడు. మొదటి లాయరు తప్పు చెప్పాడని ఒప్పుకున్నాడు. మళ్లీ అడిగితే నేను తప్పు చేశానని మళ్లీ చెప్పాను. ఏడాది పాటు ప్రొబేషన్, వారానికోసారి మానసిక డాక్టరుతో మాట్లాడాలి. తర్వాత కళ్లజోడు తీసి, "మిగతా ఉత్తరాల్లో అందరూ ఈమెలో ఏ లోపం లేదని రాశారు. మేరీలాండ్ నుంచి వచ్చినామె లోపం చెప్పింది. అందుకే ఆమె చెప్పిన మంచిని కూడా నమ్ముతున్నాను" అన్నాడు. ఈమెని దేశం నుంచి పంపవద్దని అక్కడే సంతకం చేశాడు. భాస్కర్ నా భుజం పట్టుకుని ఊపేశాడు. నాకు సంతోషం రాలేదు జ్యోతీ.

ఆయన వెనక బెంచీలో కూర్చున్నారు. ఇంటికి డ్రైవ్ చేస్తూ, "ఆకలేస్తోందా?" అన్నారు. డిసెంబరు తర్వాత నన్ను అడిగిన మొదటి మాట అది. రోడ్డు పక్కన ఆపి ఇద్దరం సూపు తాగాం. అంతకుముందే, విచారణ తర్వాతి ఆదివారం ఆయనే లేచి సంఘానికి చెప్పి, సంఘ పెద్ద పదవి వదులుకున్నారు. కొందరు మా ఇంటికి వచ్చారు. కొందరు పిల్లల్ని మా ఇంటికి పంపడం మానేశారు. నర్సు లైసెన్సు ఆరు నెలలు ఆపారు, ఆ తర్వాత సంగతి తెలియదు.

ఇక్కడ ఉండిపోయాను. కానీ కరుణమ్మ ఎక్కడుంది? నన్ను ఉంచమని ఇంతమంది రాశారు. ఆమె కోసం ఒక్కరూ రాయలేదు. ఎలాగైనా చిరునామా కనుక్కో.

మణి

~

అనాపొలిస్
ఆగస్టు 9, 1986

మణీ,

కనుక్కున్నాను. మన స్కూలు పాత హెడ్మిస్ట్రెస్ గారికి రాస్తే ఆవిడ పంపారు. పాలకొల్లు దగ్గరే ఒక పల్లెలో ఉంది. మే నెలలో మనిద్దరం విడివిడిగా రాసిన ఉత్తరాలు ఒకే కవరులో పెట్టి పంపాను. నిన్న జవాబొచ్చింది. నేను ఏమీ కలపకుండా, తీయకుండా ఎత్తి రాస్తున్నాను. దాచాలని ఒక పూట అనిపించింది, నిజం చెబుతున్నాను.

"జ్యోతికి, మణికి. నా కూతురు రాస్తోంది. హాస్టల్ నుంచి వచ్చేశాక నేను మళ్లీ బడికి పోలేదు, రాత మర్చిపోయాను. మీ ఉత్తరాలు అదే చదివి వినిపించింది. నన్ను పంపేశాక మా నాన్నని చర్చిలో ఉపదేశి పని నుంచి తీసేశారు. దొంగ కూతురున్నవాడు వాక్యం ఎలా చెబుతాడన్నారు. ఇన్నాళ్లూ కాలరు జ్యోతే తీసిందనుకున్నాను, అందుకే నా పేరు చెప్పిందనుకున్నాను. మణి నా పెట్టె మోసింది. ఆ హాస్టల్లో నా మీద దయ చూపింది తనొక్కతే అనుకుని ప్రతి క్రిస్మస్‌కీ తన పేరు ఎత్తి ప్రార్థన చేసేదాన్ని. ఇకనుంచి ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. క్షమించమని నాకు రాయకండి. మా సంఘానికి రాయండి. ఆదివారం ఆరాధనలో అందరి ముందు చదివించండి. మీ పేర్లు, మీ తండ్రుల పేర్లు ఉండాలి. మా అమ్మ పోయింది. నాన్న ఉన్నాడు, ముందు బెంచీలో కూర్చుంటాడు. చెవులు సరిగ్గా వినపడవు. గట్టిగా చదవమనండి."

ఇంతే. కింద వేలిముద్ర ఉంది.

జ్యోతి

~

నేపర్‌విల్
ఆగస్టు 17, 1986

జ్యోతీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను వంట చేయలేదు. ఆయనే రొట్టెలు కాల్చి షారన్ కి పెట్టారు. అందులో ఒక మాట దగ్గరే ఆగిపోతున్నాను. క్రిస్మస్ ప్రార్థన మాట. దాని గురించి రాయలేను.

సంఘానికి రాయాల్సింది రాశాను. ఆరుసార్లు రాశాను. ముందు దానిలో, చిన్నపిల్లని, తెలియక చేశాను అని ఉంది. కొట్టేశాను. కొట్టేసిన కొద్దీ చిన్నదైంది. ఇప్పుడు అరపేజీ. ఏం తీశాను, ఎక్కడ పడేశాను, ఎవరిని పంపేస్తుంటే చూస్తూ ఊరుకున్నాను, కరుణమ్మ ఏ తప్పూ చేయలేదు. నీ భాగానికి కింద చోటుంచాను, నీ చేతితో రాయి.

ఆయనకీ షారన్ కీ చదివి వినిపించాను. షారన్ కి కొన్ని మాటలు ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. అంతా విని, మొదటిసారి తనంతట తను తెలుగులో అడిగింది:

"మామ్, అప్పుడే ఎందుకు చెప్పలే?"

"భయమేసింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ వేస్తోంది."

అది వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత, "ఆ గ్రాండ్‌పాకి వినిపించాలి కదా, అక్షరాలు పెద్దగా రాయి, చదివే అంకుల్ తడుముకోకుండా" అంది. ఏడోసారి రాశాను, పెద్ద అక్షరాలతో. పాస్టరు గారికి వేరే కాగితం మీద, ముందు బెంచీ దగ్గరికి వచ్చి గట్టిగా చదవండి అని రాశాను. ఆ పెద్దాయన వినపడలేదంటే మళ్లీ చదవమన్నాను.

మా నాన్న పేరు రాశాను. నువ్వు మీ నాన్న పేరు రాసి, సంతకం పెట్టి, నాకు తిప్పి పంపకుండా అక్కడి నుంచే పోస్టు చెయ్యి.

మణి